రెండు లక్ష్యాల ప్రతిరక్షకం

1948 జూన్‌లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో సిడ్నీ ఫార్బర్ అనే బోస్టన్ వైద్యుడు ఒక వ్యాసం ప్రచురించారు. తీవ్రమైన రక్త కాన్సర్, అంటే ల్యుకేమియా సోకిన 16 మంది పిల్లలకు అమైనోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందికి గుణం కనిపించిందని ఆయన రాశారు. అంతవరకు ఈ జబ్బు పేరు వింటే తల్లిదండ్రులు ఆశ వదులుకోవలసి వచ్చేది. ఆ మందును రూపొందించిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినది ఎవరో తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు.

అమైనోప్టెరిన్ పనిచేసే తీరు విచిత్రమైనది. కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ మందు ఆ ఆమ్లం వేషం వేసుకొని కణంలో చేరి విభజనను అడ్డుకుంటుంది. ఐతే 1948లో ఆ పిల్లలకు కలిగిన ఉపశమనం తాత్కాలికమే. తర్వాత దీని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఇతర మందులతో కలిపి వాడడం వల్ల పిల్లలు పూర్తిగా కోలుకోవడం మొదలైంది. కాని ఒక చిక్కు మిగిలింది. కాన్సర్ కణమేదో, వేగంగా పెరిగే ఆరోగ్యకరమైన కణమేదో ఈ మందులకు తెలియదు. అందుకే నోటిపూత, రక్తకణాలు తగ్గడం వంటి బాధలు కలుగుతాయి. శత్రువును గుర్తుపట్టి కొట్టే మందు ఉండదా?

గుర్తుపట్టే పని మన శరీరంలో ప్రతిరక్షకాలది. ప్రతిరక్షకం పంగలకర్ర ఆకారంలో ఉండే ప్రొటీన్. దాని రెండు చేతులూ ఒకే రకం లక్ష్యాన్ని పట్టుకుంటాయి. చంపే పనిలో ఆరితేరినవి టి-కణాలనే తెల్ల రక్తకణాలు. కాని కాన్సర్ కణాలు చాలాసార్లు వీటి కళ్ళు గప్పుతాయి. మరి ఒక చేత్తో కాన్సర్ కణాన్ని, రెండో చేత్తో టి-కణాన్ని పట్టుకొని రెంటినీ దగ్గరకు చేర్చే ప్రతిరక్షకం ఉంటే? అదే ద్వివిశిష్ట ప్రతిరక్షకం.

ఇటువంటి అణువును తయారుచేయవచ్చని 1960-61లో ఆల్‌ఫ్రెడ్ నిసనాఫ్ చూపారు. రెండు రకాల కుందేలు ప్రతిరక్షకాలను విడగొట్టి, వేర్వేరు సగాలను ఆయన మళ్ళీ జతచేశారు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం ప్రతిరక్షకాన్ని కావలసినంత తయారుచేసే కణాలను సృష్టించారు. 1983లో మిల్‌స్టీన్, క్వెల్లో అటువంటి రెండు కణాలను కలిపి, ఒకే కణం చేత రెండు రకాల చేతులు తయారు చేయించారు. 1985లో స్టెర్జ్, కనగావా, బెవన్ ఇలాంటి జంట ప్రతిరక్షకాలు టి-కణాలను కోరిన లక్ష్యం మీదికి మళ్ళించగలవని చూపారు.

అసలు తంటా అప్పుడే మొదలైంది. కాగితం, కలం తీసుకొని మీరే లెక్క వేయండి. ప్రతిరక్షకంలో సగభాగం అంటే ఒక బరువు గొలుసు, ఒక తేలిక గొలుసు. రెండేసి రకాల గొలుసులు ఒకే కణంలో తయారైతే నాలుగు రకాల సగాలు వస్తాయి. వాటిని ఇద్దరిద్దరిగా జతకడితే 10 రకాల అణువులు! అందులో మనకు కావలసినది ఒక్కటే. తక్కిన తొమ్మిదింటినీ ఏరివేయడం ఎంత శ్రమో ఊహించండి.

దీనికి రెండు ఉపాయాలు దొరికాయి. 1996లో జెనెన్‌టెక్ శాస్త్రజ్ఞులు ఒక బరువు గొలుసు మీద పెద్ద అమైనో ఆమ్లంతో బుడిపె, రెండోదాని మీద చిన్న అమైనో ఆమ్లంతో గుంట ఏర్పరిచారు. బుడిపె గుంటలోనే ఇముడుతుంది కనుక తప్పు జతలు తగ్గాయి. జర్మనీలోని మ్యూనిక్ బృందం 1995లోనే మరో దారి చూపింది. కాడ అంతా తీసివేసి, గుర్తుపట్టే కొసలను మాత్రం చిన్న దారంతో ముడివేసింది. ఆ దారిలో వచ్చిన మందే బ్లినాటుమోమాబ్. అమెరికాలో 2014 డిసెంబరులో దీనికి అనుమతి లభించింది. ఒక కొస బి-కణాల మీది సీడీ-19ను, రెండో కొస టి-కణాల మీది సీడీ-3ని పట్టుకుంటుంది.

ఇది దోషం లేని మందు కాదు. ఆరోగ్యకరమైన బి-కణాల మీద కూడా సీడీ-19 ఉంటుంది కనుక అవీ నశిస్తాయి. టి-కణాలు అతిగా రెచ్చిపోతే తీవ్రమైన జ్వరం, రక్తపోటు పడిపోవడం, నరాల ఇబ్బందులు రావచ్చు. ఐనా ఫలితాలు చూడండి. 1,440 మంది పిల్లల మీద జరిగిన పరీక్ష వివరాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. మూడేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బ్రతికి ఉన్నవారు మామూలు చికిత్సలో సుమారు 88 శాతం, ఈ మందు కూడా చేర్చినప్పుడు 96 శాతం. ఆ మామూలు చికిత్సలో మెథోట్రెక్సేట్ కూడా ఉంది. అంటే సుబ్బారావు వేసిన దారి చెరిగిపోలేదు, కొత్త మందు దాని పక్కనే నడుస్తోంది.

కాని ఈ మందు అణువు చిన్నది కావడంతో రెండు గంటల్లోనే రక్తంలో సగానికి తగ్గిపోతుంది. అందుకని పంపుతో 28 రోజులు ఆగకుండా ఎక్కించాలి. 2014లో అమెరికాలో రెండు విడతల ఖరీదు సుమారు 1,78,000 డాలర్లు. జగదల్‌పూర్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి రాయ్‌పూర్ ఆసుపత్రికి బిడ్డను తెచ్చిన ఒక కూలి కుటుంబాన్ని తలచుకోండి. వారికి ఆ ఖరీదూ భారమే, ఆ 28 రోజులూ భారమే. ఎక్కువసేపు రక్తంలో నిలిచే అణువును తక్కువ ఖర్చుతో తయారుచేయడం ఎలా? జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతున్న మీ ముందున్న లెక్క అదే.