1883 అంటే మార్కొచ్చేస్తుంది, కానీ...

మా బాపు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "తిన్నవా? ఏం కూర?" దగ్గర మొదలై అమ్మ మోకాళ్ళు, నల్లా రాని సంగతి, నా అప్రైజల్ అన్నీ అయ్యాక ఒక చరిత్ర ప్రశ్న అడుగుతాడు. చెల్లి గ్రూప్స్‌కి ప్రిపేరైనప్పుడు కొన్న గైడు ఇంట్లోనే ఉంది, అందులోంచే ప్రశ్నలన్నీ. గూగుల్ చూడకూడదు. ఫోన్‌లో కీబోర్డ్ చప్పుడు వినపడిందా, ఆ రోజుకి ఔట్ :-)

గైడులోని జవాబులన్నీ ఒక్క ముక్కలో ఉంటాయి. ఆ ఒక్క ముక్క కూడా నిలకడగా ఉండదనుకోండి. కాజీపేట ఏ జిల్లాలో ఉంది? 2016 దాకా వరంగల్, తర్వాత వరంగల్ అర్బన్, 2021 నుంచి హనుమకొండ. ఊరు మాత్రం అక్కడే ఉంది!

పోయిన వారం ప్రశ్న: "చాందా రైల్వే ఉద్యమం ఏ సంవత్సరం?" 1883 అన్నాను. "రైటు. పండుకో ఇగ" అని పెట్టేశాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. కాజీపేట నుంచి ఢిల్లీ బండెక్కితే వచ్చే బల్లార్షా దాని పక్కనే. అంటే ఆ గొడవ మన లైను గురించే కదా!

కథేంటంటే, వాడి నుంచి సికింద్రాబాద్‌కి 1874లోనే రైలొచ్చింది. దాన్ని ఇటు బెజవాడకీ, అటు చాందాకీ పొడిగించాలనుకున్నారు. ఆ పని లండన్‌లో పెట్టే ఒక కంపెనీకి అప్పజెప్పాలని ప్లాను. షరతు ఏంటంటే, వాటాదార్ల పెట్టుబడి మీద 20 ఏళ్ళపాటు 5 శాతం రాబడికి నిజాం ఖజానా హామీ. రైలు సంపాదించకపోతే తక్కువ పడింది ఖజానా కట్టాలి. మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్ట్ మునిగినా వెండర్ బిల్లు మాత్రం క్లియర్ అన్నమాట. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరులో ఉన్న గ్యారంటీ ఇదే. బండి టైముకొస్తుందన్న గ్యారంటీ కాదు.

టైమింగ్ చూడండి. దివాన్ సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి అప్పటికి పదిహేడేళ్ళు కూడా నిండలేదు. అలాంటప్పుడు అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివాళ్ళు లేచి, ఆ షరతులేంటో జనానికి చెప్పండి, చర్చించాకే సంతకం పెట్టండి అన్నారు. అఘోరనాథ్ ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేసొచ్చి హైదరాబాద్‌లో కాలేజీ నడుపుతున్న మనిషి. సరోజినీ నాయుడు తండ్రి. అప్పటికి ఆ పిల్లకి నాలుగేళ్ళు. ఆయన్ని 1883లోనే రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు.

నాకు గైడు మీద కోపమొచ్చింది ఇక్కడే. "చాందా రైల్వే పథకానికి వ్యతిరేకంగా ఉద్యమం" అని ఒక్క లైన్ రాసి వదిలేశాడు. చదివినవాడు ఏమనుకుంటాడు? వీళ్ళెవరో రైలు వద్దన్న ఛాందసులనుకుంటాడు. వాళ్ళు అడిగింది అగ్రిమెంట్ కాపీ మహాప్రభో! మనమిప్పుడు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడిగేది వాళ్ళు ఉద్యోగాలు పణంగా పెట్టి అడిగారు.

అలాగని ఆ ఒప్పందాన్ని తిట్టిపోయడం కూడా నావల్ల కాదు. దాని పుణ్యమా అనే 1886లో వరంగల్‌కి, 1889లో బెజవాడకి రైలొచ్చింది. ఆ రైలే లేకపోతే కాజీపేట అఫ్జల్ బియాబానీ దర్గా ఉన్న చిన్న ఊరుగానే ఉండేదేమో. మా ఇంట్లో మూడు పూటలా అన్నం పెట్టింది ఆ పట్టాలే. కానీ మంచి జరిగింది కాబట్టి అడిగినవాళ్ళది తప్పయిపోతుందా? నేనైతే ఒప్పుకోను.

ఇంతకీ ఇంత గొడవైన చాందా లైను సంగతేమైందంటారా? కంపెనీ బెజవాడ లైను వేసింది, తర్వాత మన్మాడ్ వైపు వెళ్ళింది. కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను పూర్తయ్యేసరికి 1929 వచ్చింది. అఘోరనాథ్ పోయి అప్పటికి పద్నాలుగేళ్ళు. ఆ మరుసటేడు, 1930లో, నిజాం ప్రభుత్వం కంపెనీ చేతిలోంచి రైల్వేని కొనేసుకుంది.