వంతు వస్తే చాలదు, పేరు కూడా రావాలి

మన ఇంటి పేజీల్లో ఇంతవరకూ పాత ఇళ్ళ గురించి, పెళ్ళిళ్ళ గురించి, హిందూపురం వైపు నుంచి బెంగళూరు చేరిన మన పెద్దల గురించి రాసుకున్నాం. ఈసారి విమానాశ్రయం గురించి రాస్తున్నా. విమానాల సంగతి కాదు, అక్కడ జనానికి చూపించే కళ సంగతి. దానికీ మన చరిత్రకీ ఏం సంబంధం అని అడిగేవాళ్ళు కొంచెం ఓపిక పట్టి చదవండి. సంబంధం గట్టిదే.

దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం 2008 మే నెలలో మొదలైంది. 2013లో దానికి కెంపేగౌడ పేరు పెట్టారు. రెండో టెర్మినల్‌ను 2022 నవంబర్ 11న ప్రారంభించారు. అదే రోజు బయట 108 అడుగుల కెంపేగౌడ విగ్రహాన్నీ ఆవిష్కరించారు. టెర్మినల్‌ను ఒక తోటలాగా కట్టారు. వెదురు పైకప్పు, వేలాడే మొక్కలు, వాటి మధ్య కళాకృతులు. 43 మంది కళాకారులు చేసిన దాదాపు 60 కృతులకు అక్కడ చోటు ఇచ్చారు. వాటికి తీసుకున్న విషయాలు రెండు: ఒకటి కర్ణాటక, రెండోది నవరసాలు.

నవరసాలు అంటే మనకు నాట్యశాస్త్రం గుర్తొస్తుంది. కానీ దక్కనులో ఆ మాటకు ఇంకో ఇల్లు కూడా ఉంది. బిజాపూర్‌ను 1580 నుంచి 1627 దాకా ఏలిన రెండో ఇబ్రహీం ఆదిల్ షా 'కితాబ్-ఎ-నౌరస్' అని దక్కనీలో పాటల పుస్తకం రాశాడు. సంస్కృతం మాట, దక్కనీ భాష, కన్నడ నేల. మన వైపు చరిత్ర ఎప్పుడూ ఇట్లే కలగలిసి ఉంటుంది.

కెంపేగౌడనే చూడండి. బెంగళూరు కోట కట్టించిన యలహంక నాడప్రభువు. 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం ఆయన రాసిందే అని ప్రసిద్ధి. ఆ యక్షగానం తెలుగులో ఉంది. అంటే ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు నిన్న సాఫ్ట్‌వేర్ పనికి దిగినవాళ్ళు మాత్రమే కాదు. 2011 జనగణన లెక్క ప్రకారం కర్ణాటకలో నూటికి దాదాపు ఆరుగురి మాతృభాష తెలుగు. మన కుటుంబం ఆ ఆరుగురిలో ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో కన్నడ మీడియం. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది అవ్వే, బడి కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. విమానాశ్రయాల్లో కళను పెట్టడానికి రెండు పద్ధతులున్నాయి.

ఒకటి, గోడకు శాశ్వతంగా పెట్టేయడం. ముంబయి రెండో టెర్మినల్లో 2014లో తెరిచిన 'జయ హే' అట్లాంటిదే. దేశం నలుమూలల నుంచి వేల వస్తువులు తెచ్చి రాజీవ్ సేఠీ గారు పేర్చారు. ఢిల్లీ మూడో టెర్మినల్లో 2010 నుంచి కనిపించే పెద్ద పెద్ద ముద్రల చేతులు కూడా ఈ రకమే. మన టెర్మినల్లోని కృతులూ చాలావరకు ఆ కట్టడం కోసమే చేయించినవి.

రెండోది, వంతుల పద్ధతి. కొన్ని నెలలు ఒక ప్రదర్శన, తర్వాత దాన్ని దించి ఇంకొకటి. దీనికి పెద్ద ఉదాహరణ శాన్ ఫ్రాన్సిస్కో. అక్కడి విమానాశ్రయం 1980లోనే సొంత మ్యూజియం పెట్టుకుంది. 1999లో అమెరికా మ్యూజియంల సంఘం గుర్తింపు కూడా దానికి దొరికింది. టెర్మినళ్ళ నిండా గాజు పెట్టెలు, వాటిలో ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. కొన్ని సెక్యూరిటీ తనిఖీకి ముందే ఉంటాయి, టికెట్ లేనివాళ్ళు కూడా పోయి చూడొచ్చు.

మన దేశంలో వంతుల పద్ధతి ఇంకో రూపంలో వచ్చింది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2022లో 'అవసర్' అని ఒక పథకం పెట్టింది. అథారిటీ నడిపే విమానాశ్రయాల్లో స్వయం సహాయక సంఘాలకు 100 నుంచి 200 చదరపు అడుగుల చోటు ఇస్తారు. ఒక్కో సంఘానికి 15 రోజులు, తర్వాత ఇంకొకరి వంతు. రైల్వే స్టేషన్లలో అదే ఏడాది వచ్చిన 'ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి' అంగళ్ళు కూడా దాదాపు ఇదే లెక్క. బెంగళూరు విమానాశ్రయాన్ని నడిపేది వేరే కంపెనీ. అథారిటీకీ, కర్ణాటక ప్రభుత్వానికీ అందులో వాటాలు మాత్రం ఉన్నాయి.

ఇవి రెండూ వంతులే అయినా పని వేరు. పదిహేను రోజుల అంగడి సరుకు అమ్ముతుంది. నెలల ప్రదర్శన కథ చెబుతుంది. చేతిపని చేసేవాళ్ళకు రెండూ కావాలి. అమ్మకం లేకపోతే పొయ్యి వెలగదు. కథ లేకపోతే కొనేవాడికి అది ఉత్త లాంప్‌షేడ్.

లాంప్‌షేడ్ అని ఎందుకన్నానో చెప్తా. మన పక్కనే ఉన్న తోలుబొమ్మల సంగతి మనసులో పెట్టుకొని అన్నా.

విమానాశ్రయం ముందు నుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటుకొని పెనుకొండ వైపు పోతుంది. అక్కడి నుంచి ధర్మవరం దారి పడితే నిమ్మలకుంట వస్తుంది. తోలుబొమ్మలు చేసే కుటుంబాల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గిపోయాక అక్కడి చాలా కుటుంబాలు అదే తోలుతో, అదే రంగులతో లాంప్‌షేడ్లు, గోడ పటాలు చేసి బతుకుతున్నాయి. బెంగళూరులో మనవాళ్ళ ఇళ్ళల్లో అవి కనిపిస్తాయి. కొన్నవాళ్ళలో ఎంతమందికి ఆ ఊరి పేరు తెలుసు?

తోలుబొమ్మలాట పాత కళ. 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల మాట ఎత్తాడు. మేకతోలును నానబెట్టి, గీకి, వెలుతురు దూరేంత పల్చగా చేస్తారు. అంచుల్లో, నగల్లో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. రంగు వేస్తారు. భుజాలు, మోచేతులు, మోకాళ్ళు విడివిడిగా కదిలేటట్టు దారంతో కడతారు. ఆంధ్ర బొమ్మలు మనిషంత ఎత్తు దాకా ఉంటాయి. కర్ణాటకలో 'తొగలు గొంబె' అంటారు. అక్కడి బొమ్మలు చాలావరకు చిన్నవి. ఒక సన్నివేశం మొత్తం ఒకే తోలులో కోసినవీ ఉంటాయి. కుమారకృపా రోడ్డులోని చిత్రకళా పరిషత్తులో వాటిని చూడొచ్చు. ఎం.ఎస్. నంజుండరావు గారు ఊరూరా తిరిగి సేకరించి కాపాడినవి.

తోలు, తొగలు. బొమ్మ, గొంబె. బడిలో ఒక మాట విని ఇంటికొచ్చి ఇంకో మాట వింటూ పెరిగిన నాకు అవి రెండూ ఒకటే అని ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

ఇంకా వింత ఏమంటే, ఈ కళను తరతరాలుగా పట్టుకున్న కుటుంబాలు చాలావరకు ఇంట్లో మాట్లాడేది తెలుగూ కాదు, కన్నడా కాదు. మరాఠీకి చేరిన మాట. తెర వెనక రాత్రంతా రంగనాథ రామాయణం ద్విపదలు తెలుగులో పాడి, తెర దించినాక పిల్లలను ఇంటి భాషలో పిలుస్తారు. కర్ణాటక వైపు వీళ్ళను కిళ్ళేక్యాతలు, శిళ్ళేక్యాతలు అంటారు. ఆటలో నవ్వించే బొమ్మ పేరూ అదే. తెలుగులో ఆ పని జుట్టుపోలిగాడు, బంగారక్క చేస్తారు. 2025లో పద్మశ్రీ అందుకున్న కొప్పళ జిల్లా భీమవ్వ గారి పూర్తి పేరు భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్ళేక్యాతర. ఆమె పేరులోనే కళ ఉంది, కులం ఉంది, ఆట ఉంది.

వాళ్ళకు వంతులు కొత్త కాదు. బొమ్మల పెట్టె ఎత్తుకొని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరగడమే వాళ్ళ బతుకు. వానలు పడకపోతే ఊరంతా చందా వేసుకొని ఆట ఆడించేది. ఆముదం దీపాల వెనక బొమ్మలు, ముందర తెల్ల బట్ట, తెల్లవార్లూ కథ. దానికి సరిహద్దు ఉండేది కాదు.

సరిహద్దు 1953 అక్టోబర్ 1న వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాను విడగొట్టారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారితో కలిపి మిగతావి మైసూరుకు. పాలనకు అది అవసరమే అయ్యుండొచ్చు. భాష ప్రకారం రాష్ట్రాలు కావాలని పోరాడినవాళ్ళను నేను తప్పు పట్టను. కానీ ఇంట్లో ఒక భాష, ఆటలో ఇంకో భాష ఉన్నవాళ్ళు ఏ లెక్కలోకి వస్తారు? ఆ తర్వాత అకాడమీలు, అవార్డులు, భౌగోళిక గుర్తింపు సర్టిఫికెట్లు అన్నీ రాష్ట్రాల పేరు మీదే వచ్చాయి. నిమ్మలకుంట పనికి 'ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలాట' అని గుర్తింపు వచ్చింది, దానివల్ల మేలే జరిగింది. అయితే బొమ్మ పక్కన అతికించే చీటీలో రాష్ట్రం పేరొక్కటే మిగిలితే సగం చరిత్ర రాలిపోయినట్టే.

అందుకే విమానాశ్రయంలో వంతుల ప్రదర్శన గురించి ఆలోచిస్తే నాకు మూడు విషయాలు ముఖ్యం అనిపిస్తాయి.

మొదటిది, వంతు వస్తువుకే మంచిది. రంగు వేసిన తోలు, బట్ట, కాగితం వెలుతురుకు వాడిపోతాయి. మ్యూజియంలు వాటి మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడకుండా చూస్తాయి. మన ఆఫీసు టేబుల్ మీద పడేది 300 నుంచి 500 దాకా ఉంటుంది. గాజు గోడల టెర్మినల్లో ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. కొన్ని నెలలు చూపించి, దించి, చీకట్లో విశ్రాంతి ఇస్తేనే బొమ్మ నిలుస్తుంది. ఇంకొకటి, తోలుబొమ్మను మామూలు పటంలాగా ముందు నుంచి లైటు వేసి వేలాడదీస్తే అది చచ్చిపోయినట్టే ఉంటుంది. దాని రంగులు లేచేది వెనక నుంచి సన్నగా వెలుతురు పడినప్పుడు.

రెండోది, తలుపు. మన దేశంలో టికెట్ లేకుండా టెర్మినల్ లోపలికి పోనివ్వరు. దేవనహళ్ళి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడే పని చేస్తారు, ట్యాక్సీలు నడుపుతారు. వాళ్ళ ఇంటి ముసలివాళ్ళు మాత్రం లోపలి కళను చూడలేరు. సముదాయం కళ అని పేరు పెట్టి ఆ సముదాయమే చూడలేని చోట పెడితే ఎట్లా? వాయు వజ్ర బస్సులు ఆగే బయటి ఆవరణలో చోటుకు కరువు లేదు. వంతుల ప్రదర్శన అక్కడ ఒకటి, లోపల ఒకటి ఉండాలి. సాయంత్రం ఒక గంట ఆట ఆడించినా చాలు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూస్తారు.

మూడోది, చీటీ. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక ఫారంలో ఏ గడి తప్పనిసరి, ఏది ఖాళీగా వదలొచ్చు అని రోజూ చూసే పని అది. తప్పనిసరి కాని గడిని జనం నింపరు. కళ పక్కన పెట్టే చీటీలో సాధారణంగా కళ పేరు, రాష్ట్రం పేరు నింపుతారు. చేసిన మనిషి పేరు, ఊరు, ఇంటి భాష, ఆట భాష కూడా తప్పనిసరి గడులు కావాలి. గేటు దగ్గరికి పరుగెత్తేవాడు అర నిమిషం కంటే నిలబడడు. ఆ అర నిమిషంలో ఏం చదువుతాడో అదే ఆ కళ గురించి అతను ఊరికి తీసుకుపోయే చరిత్ర.

మన ఇంట్లోని నిమ్మలకుంట హనుమంతుడికి నేను చీటీ రాస్తే ఇట్లా రాస్తా, మూడు భాషల్లో:

తోలుబొమ్మ, హనుమంతుడు. మేకతోలు, రంగులు, వెదురు కర్ర. చేసినవారు: (ఇక్కడ వారి పూర్తి పేరు). ఊరు నిమ్మలకుంట, ధర్మవరం దగ్గర. ఇంటి భాష మరాఠీకి చేరింది, ఆట తెలుగులో. బళ్ళారి, కొప్పళ వైపు ఇదే ఆటను కన్నడలో తొగలు గొంబెయాట అంటారు. వెనక దీపం పెట్టి చూడాలి.

ఏడు వాక్యాలు. బోర్డింగ్ పాస్ అంత కాగితం చాలు. మన ఇంటి పిల్లలకు ఒక పని చెప్తున్నా. మీ మీ ఇళ్ళల్లో ఉన్న చేతిపని వస్తువులకు ఇట్లాంటి చీటీలు రాసి నాకు పంపండి. చేసినవాళ్ళ పేరు తెలియకపోతే కొన్న అంగడిలో అడగండి, ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వచ్చినవన్నీ ఈ పేజీల్లో ఒక్కో నెల ఒక్కొక్కటిగా, వంతు ప్రకారం పెడదాం.