ఉర్సు రోజు కాకుండా మిగతా రోజుల్లో

పెనుకొండ పేరెత్తితే చరిత్రకారులు 1565 తర్వాతి విజయనగర రాజధాని అంటారు. గగనమహల్ చూపిస్తారు. బాబయ్య దర్గా దగ్గరికి వచ్చేసరికి ఉర్సు రద్దీ మీద నాలుగు మాటలు, అంతే. ఆ బాబయ్యకు మొక్కే దూదేకుల ఇళ్ళలో తెలుగే ఇంటిభాష అనీ, హిందూపురంలో మా అమ్మలు దక్కనీ, తెలుగు, కన్నడం ఒకే మాటలో కలిపేస్తారనీ, ధర్మవరం పట్టు బజారులో మా బేరాలు తెలుగులోనే తెగుతాయనీ ఎవరు రాశారు?

ఈ ప్రశ్నతోనే నాగసూరి వేణుగోపాల్ దగ్గరికి వస్తున్నాం. ఆయన మా మతం వాడు కాదు, మా నేలవాడు. 1961లో హిందూపురం దగ్గరి కొనతట్టుపల్లిలో పుట్టారు. పత్రికలకు రాసిన చేత్తోనే 1988లో ఆకాశవాణిలో చేరారు. ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్‌గా మొదలై, ఎన్నో కేంద్రాలు తిరిగి 2021లో రిటైరయ్యారు. సైన్సును మామూలు తెలుగులో చెప్పడం ఒక పని. మాకు అంతకన్నా ముఖ్యమైంది రెండోది: సర్కారు మైకు ముందు కూర్చుని కూడా పత్రికలనూ టీవీ ఛానళ్ళనూ నిలదీస్తూ పుస్తకాలు రాశారు. వార్తను మింగకండి, చదవండి అన్నారు.

ఆ చదువు మాకెందుకంటే, 1992 డిసెంబరు 6 తర్వాత వార్తల్లో మేం 'ఒక వర్గం' అయ్యాం. పేరు చెప్పకపోవడం మర్యాదట! ఆ రెండు మాటల వెనక ఎవరున్నారో వినేవాళ్ళందరికీ తెలుసు.

రేడియో మాకు కొత్తేమీ కాదు. 1933లో హైదరాబాదులో మహబూబ్ అలీ అనే తపాలా ఉద్యోగి సొంతంగా ప్రసారం మొదలుపెట్టాడు. 1935లో నిజాం సర్కారు దాన్ని తీసుకుంది. అది ప్రధానంగా ఉర్దూలో మాట్లాడింది, చుట్టూ జనం తెలుగులో మాట్లాడుతుంటే. ఆ సంగతీ చెప్పుకోవాల్సిందే. మా సీమ మద్రాసు వైపుంది. అక్కడ కేంద్రం 1938లో వచ్చింది. కడపకు 1963లో, అనంతపురానికి 1991లో గానీ రేడియో రాలేదు.

షేక్ చినమౌలానా నాదస్వరాన్ని రేడియో ఇంటింటికీ చేర్చింది. మా మాటకు మాత్రం అంత చోటు దొరకలేదు. ఉర్దూ కార్యక్రమం ఉందిగా అంటారు. దూదేకుల ఇంటికి ఆ ఉర్దూ రాదు. మా ఇంటి దక్కనీ ఆ ఉర్దూ కాదు.

వేణుగోపాల్ పత్రికల మీద పెట్టిన చూపును ఇప్పుడు రేడియో మీదే పెట్టాలని మా కోరిక. ఒక నెల ప్రసారాల జాబితా తీసుకుని లెక్క వెయ్యాలి. ఎవరు మాట్లాడారు, ఏ యాసలో, ఎన్ని నిమిషాలు? ఉర్సు రోజు కాకుండా మిగతా రోజుల్లో మేం ఎన్నిసార్లు వినపడ్డాం?