గంప కింద కొత్త కోడి: పశురోగాల చరిత్ర చెప్పే పాఠం

సంస్కృతి అనగానే మనకు థింసా, డప్పు, ఇటుకల పండుగ గుర్తుకొస్తాయి. ఈ సంచికలో వాటి గురించి రాసేవారు చాలామందే ఉంటారు. మేము మాత్రం పశువుల దొడ్డి గురించి రాయాలనుకున్నాం. మన్యంలో ఇంటి ఆస్తి అంటే భూమి తర్వాత ఆవులు, మేకలు, కోళ్లే. వాటిని కాపాడుకున్న తీరు కూడా మన చరిత్రలో భాగమే.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకుంటాం. కొన్నేళ్ల కిందట మా హాస్టల్ వంటగది వెనుక పిల్లలూ మేమూ కలిసి ఇరవైకి పైగా నాటుకోళ్లను పెంచాం. ఒక పండుగ ముందు సంతలో మరో నాలుగు కొని, ఆ సాయంత్రమే వాటిని పాత కోళ్లతో కలిపేశాం. ఐదో రోజుకు ఒక కోడి పచ్చగా పారుకుంది, మెడ వంకర తిరిగింది. పది రోజుల్లో రెండే మిగిలాయి. పశువైద్యుడు చూసి కొక్కెర తెగులు అన్నారు. టీకా వేయించారా, కొత్తవాటిని విడిగా ఉంచారా అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆరో తరగతి పాప ఒకతె అంది: "మేడమ్, మా అవ్వ అయితే కొత్త కోడిని కొన్నాళ్లు గంప కిందే ఉంచుద్ది."

టీచర్ ట్రైనింగ్ చదివిన మాకు తెలియనిది ఆ అవ్వకు తెలుసు. అప్పటి నుంచి ఈ విషయమై చదవడం మొదలుపెట్టాం. ఆ గంప వెనుక ఎంత పెద్ద చరిత్ర ఉందో అప్పుడు అర్థమైంది.

పశువులను పీడించిన రోగాలన్నిటిలో ఘోరమైనది రిండర్‌పెస్ట్. తెలుగులో ముసర వ్యాధి అంటారు. జ్వరం, నోట్లో పుండ్లు, ఆగని పారుడు. కొత్తగా సోకిన చోట మందలో పదికి ఎనిమిది తొమ్మిది పశువులు చచ్చేవి. 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం కోసం తెచ్చిన పశువులతో ఇది ఆఫ్రికాలోని ఎరిత్రియాలో దిగింది. పదేళ్లలో ఖండం దక్షిణ కొస దాకా పాకింది. పశువులే బతుకుగా ఉన్న మసాయి వంటి తెగలు మందలన్నీ పోగొట్టుకొని ఆకలితో చెల్లాచెదురయ్యాయి. ఇథియోపియాలో దుక్కిటెద్దులు లేక పొలాలు బీడుపడి మహాకరువు వచ్చింది. పశువు పోతే జాతి ఎలా కూలిపోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

దీన్ని మనుషులు ఎలా ఎదుర్కొన్నారు? మందు లేని కాలంలో ఉన్న ఆయుధం ఒక్కటే: విడిగా ఉంచడం. 1710ల్లో రోమ్ నగర ప్రాంతంలో పశువులు చస్తుంటే పోప్ వైద్యుడు లాన్సీసి కొన్ని కట్టడులు చెప్పాడు. జబ్బు పశువులను మందలో ఉంచరాదు. ఒక చోటి నుంచి మరో చోటికి పశువులను తోలరాదు. చచ్చినవాటిని సున్నం వేసి పాతిపెట్టాలి. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్ వెళ్తున్న పశువులు దారిలో బెల్జియం రేవులో ఆగినప్పుడు అక్కడా ఈ రోగం అంటుకుంది. ఆ దెబ్బతోనే 1924లో పారిస్‌లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పుట్టింది.

మన దేశంలో ఈ రోగంపై పరిశోధన కోసం 1889లో పుణెలో ప్రయోగశాల పెట్టి, 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు మార్చారు. మేకల్లో పెంచి బలహీనం చేసిన వైరస్‌తో అక్కడే టీకా తయారైంది. 1954లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. ఊరూరా టీకాలు వేశారు. సంతలపై, పశువులు తోలే దారులపై నిఘా పెట్టారు. మన దేశంలో చివరి కేసు 1995లో వచ్చింది. 2011లో ప్రపంచమంతటా ఈ రోగం అంతమైందని ప్రకటించారు. మశూచి తర్వాత భూమి మీద పూర్తిగా నిర్మూలించిన రోగం ఇదొక్కటే.

ఇక మన సంగతి చూద్దాం. పశువులకు తెగులు తగిలితే ఊరి పెద్దలు పొలిమేర కట్టేవారని మా ఇళ్లలో ముసలివాళ్లు చెప్పేవారు. బయటి పశువు లోపలికి రాకూడదు, లోపలిది సంతకు పోకూడదు. అమ్మవారి పేరుతో పెట్టిన ఆ కట్టు, లాన్సీసి చెప్పిన కట్టడి, అవ్వ గంప, కరోనా కాలంలో మనం విన్న క్వారంటైన్ అన్నీ ఒకే జ్ఞానం.

అయితే పాతవన్నీ మంచివేనని చెప్పం. చచ్చిన పశువును కోసి పంచుకొనే అలవాటు ఆకలి నేర్పింది. అందులో సిగ్గుపడాల్సింది లేదు, కానీ దాన్ని ఇక మానాలి. దొమ్మ రోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో చచ్చిన పశువును కోస్తే ఆ రోగం మనిషికీ అంటుతుంది. దాని క్రిములు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అనుమానంగా చచ్చిన పశువును ముట్టకుండా పశువైద్యుణ్ని పిలవాలి. కోయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పాతాలి.

ఇంకో మాట. జబ్బు మేకను త్వరగా సంతలో అమ్మేస్తే మన నష్టం తప్పుతుందనుకుంటాం. అది పక్క ఊరి మందకు పోయి, రేపు మన మేతబీడుకే తిరిగొస్తుంది. మేకల పారుడు రోగం, పీపీఆర్, ముసర వ్యాధికి దగ్గరి చుట్టమే. 1987లో మన దేశంలో తొలిసారి కనిపించింది. 2030 నాటికి దీన్నీ ప్రపంచం నుంచి తుడిచిపెట్టాలన్నది లక్ష్యం. టీకా ఉంది. వేయించుకోవాల్సింది మనం.

విడిగా ఉంచడమంటే వదిలేయడం కాదు. జబ్బు పశువుకు నీడ, నీళ్లు, మెత్తని మేత ఇవ్వాలి. దాని తొట్టి, బకెట్టు వేరుగా పెట్టాలి. దాన్ని చూశాక చేతులు, కాళ్లు కడుక్కొని మిగతావాటి దగ్గరకు వెళ్లాలి. కోళ్లను కాళ్లు కట్టి తలకిందులుగా సంతకు మోయడం కూడా మానాలి. అనవసర బాధ కలిగేలా జీవాలను తరలించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పైగా బెదిరి, దాహంతో నీరసించిన జీవికి రోగం తొందరగా తగులుతుంది.

ఇప్పుడు మా హాస్టల్‌లో మళ్లీ కోళ్లు ఉన్నాయి. సంత నుంచి వచ్చినదేదైనా మూడు వారాలు దూరంగా గంప కిందే ఉంటుంది. టీకా తేదీలు గోడ మీద సుద్దముక్కతో రాసే పని పిల్లలదే. ఆ పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. తేదీ తప్పితే ముందు మమ్మల్నే అడుగుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వతాతల దగ్గర కూర్చోండి. తెగులు వచ్చిన ఏడు ఊరు ఏం చేసిందో అడిగి నోటుబుక్కులో రాసుకోండి. దొడ్డిలో జీవాలకు టీకా వేశారో లేదో చూడండి. జబ్బు కనిపిస్తే 1962కు ఫోన్ చేయండి. పెద్దల తెలివికి మీ చదువు తోడైతే మన మందలు నిలుస్తాయి.