మిరియాల చారులో చరిత్ర

జలుబు చేస్తే మన ఇళ్ళలో ముందు వెతికేవి వంటింటి డబ్బాలే. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు. ఈ మూడు కారాలనూ కలిపి ఆయుర్వేదం త్రికటుకం అంది. అందులో మిరపకాయ లేదు. చరక సుశ్రుతుల నాటికి ఈ దేశంలో మిరపే లేదు మరి! 1498లో వాస్కోడగామా కాలికట్ తీరం చేరాక, పదహారో శతాబ్దంలో అమెరికా ఖండపు ఈ కాయ పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది.

కొత్త కాయకు జనం పాత కారం పేరే పెట్టుకున్నారు. మనకు మిరియం, మిరపకాయ. తమిళులకు మిళగు, మిళగాయ్. కన్నడిగులకు మెణసు, మెణసినకాయి. మరాఠీలో మిరీ, మిరచీ. ఒడియాలో గోలమరిచ, లంకామరిచ. రెండు భాషల నడుమ బతికే మనకు ఈ చరిత్ర సంతలోనే వినిపిస్తుంది.

కూరల్లో మిరియాన్ని చాలావరకు పక్కకు నెట్టిన మిరప, జలుబునాటి చారులో మాత్రం దాని చోటు తీసుకోలేకపోయింది.

ఈ చారు జలుబును నయం చేస్తుందని కాదు. అది వైరస్ తెచ్చేది, వారం పది రోజుల్లో దానంతటదే పోయేది. వేడికి గొంతు హాయిగా ఉంటుంది, ఘాటుకు ముక్కు కాస్త వదులవుతుంది. అంతే.

పోగూడనిది మాట. తమిళనాట మన పిల్లలకు అంగట్లో వినబడేది 'సుక్కు'. అదీ మంచి మాటే, నేర్చుకోవలసిందే. అయితే అవ్వ "శొంఠికొమ్ము తేరా" అన్నప్పుడు, ఏ డబ్బా తీయాలో తెలియక మనవడు నిలబడిపోకూడదు.