పళ్లులేని గేరు

ఇంగ్లండులో కొండ యెక్కు పందెములు జోరుగా సాగుచుండిన కాలమున, జెనిత్ కంపెనీవారి మోటారు సైకిలును పలు సంఘములు పోటీకి రానీయలేదు. అది అక్రమముగా గెలిచినందున కాదు. దానితో ఇతర బండ్లు సాటి రాలేకపోయినందున. కంపెనీవారు కోపగింపక, కటకటాల వెనుక బంధించిన మోటారు సైకిలు బొమ్మ గీయించి, "నిషిద్ధము" అను మాటను చేర్చి, దానినే తమ వ్యాపార చిహ్నముగా చేసికొనిరి. ఇంతకంటె గొప్ప యోగ్యతాపత్రము మరి యెక్కడ దొరకును!

ఆ బండి గొప్పతనమంతయు ఒక బెల్టులోను, ఒక కప్పీలోను ఉన్నది. ఆనాటి మోటారు సైకిళ్లలో చాలవానికి గేర్లు లేవు. ఇంజను కప్పీనుండి వెనుక చక్రపు కప్పీకి ఒక బెల్టు, అంతే. చదునైన బాటకు సరిపోవు నిష్పత్తి కొండబాటకు సరిపోదు. 1908 ప్రాంతమున వచ్చిన "గ్రాడ్యువా" ఏర్పాటులో ఇంజను కప్పీని రెండు పళ్లెములుగా విడదీసిరి. పళ్లెముల లోపలి ముఖములు శంకువువలె వాలుగా ఉండును. అవి దగ్గరకు జరిగినచో బెల్టు అంచువైపునకు ఎగబ్రాకును, కప్పీ పెద్దదైనట్లే. ఎడముగా జరిగినచో బెల్టు ఇరుసువైపునకు దిగును, కప్పీ చిన్నదైనట్లే. నడుపువాడు పెట్రోలు తొట్టిమీది పిడిని త్రిప్పిన చాలును. కప్పీ చిన్నదైనపుడు బెల్టు వదులు కావలెను గదా? అందుకే ఆ పిడియే వెనుక చక్రమును గాడిలో వెనుకకు జరుపుచుండెను. కొలదికాలమునకు వచ్చిన "రడ్జ్ మల్టీ"లో వెనుక కప్పీ కూడ విప్పారి ముడుచుకొనునట్లు అమర్చిరి. 1914లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున జరిగిన సీనియర్ టి.టి. పందెమును గెలిచినది రడ్జ్ బండియే.

అయినను ఈ విధానము నిలువలేదు. వానలో బెల్టు జారును. గొలుసులును, పళ్లచక్రములును జారవు. 1917లో అమెరికాలోని డెన్వరునందు జాన్ గేట్స్ రబ్బరుతోను, నూలుతోను V ఆకారపు బెల్టును రూపొందించిన తరువాతనే బెల్టునకు మరల మంచిదినములు వచ్చినవి. ఆ ఆకారములో మేలేమనగా, బెల్టు గాడిలో మేకువలె ఇరుకుకొనును; కొద్దిపాటి లాగుటకే పక్కగోడలపై పెద్ద ఒత్తిడి కలుగును.

1958లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనమున హాలండు దేశపు డాఫ్ కంపెనీ ఒక చిన్న కారును చూపెను. ఇంజను 590 ఘనపు సెంటీమీటర్లు మాత్రమే; గేరుకర్ర లేదు. ముందునకో వెనుకకో తెలుపు చిన్న మీట మాత్రము కలదు. హుబ్ వాన్ డోర్న్ రూపొందించిన ఆ "వేరియోమాటిక్" ఏర్పాటులో పిడిని త్రిప్పువాడే లేడు. ఇంజనుతో పాటు తిరుగు బరువులు వేగము హెచ్చినకొలది వెలుపలికి విసరబడి, ముందు కప్పీ పళ్లెములను దగ్గరకు నెట్టును. వెనుక కప్పీ పళ్లెములను స్ప్రింగు అదిమి పట్టును. ఈ రెంటి పెనుగులాటలో బెల్టు తన చోటును తానే వెదకికొనును. వెనుకకు నడుచునపుడు కూడ నిష్పత్తులన్నియు అందుబాటులో నుండుటచే, ఆ కారు ముందునకెంత వేగముగ పోవునో వెనుకకు నంత వేగముగ పోగలదు. హాలండులో ఆ కార్లకు వెనుకకు నడుపు పందెములే జరిగినవి!

ఇదే పొందిక మంచుబండ్లలోనికి వచ్చి, అచటినుండి పొలములలోను, అడవులలోను తిరుగు నాలుగు చక్రముల ఏ.టి.వి. బండ్లకు ప్రాకినది. మంచుబండ్లు చేయుచుండిన పొలారిస్ కంపెనీ 1985లో తెచ్చిన "ట్రయల్ బాస్" వానిలో తొలితరమునకు చెందినది.

ఏ.టి.వి. సొంతదారులకు బండిని ఉన్నదున్నట్లు ఉంచుట అలవాటు లేదు. బురదలో దిగుటకై 25 అంగుళముల టైర్లు తీసి 27 అంగుళములవి వేయుదురు. కొలదిదినములకే బెల్టు కాలిన వాసన వచ్చును. కారణము చిన్న లెక్క. నేలపై అదే నెట్టుడు కావలెనన్నచో ఇరుసుపై తిప్పుడు బలము 27/25 వంతు, అనగా నూటికి 8 పాళ్లు, హెచ్చు కావలెను. బెల్టు జారును, జారుటవలన వేడి, వేడివలన రబ్బరు నునుపెక్కి మరింత జారును. అపుడు చాలమంది మరింత గట్టి బెల్టును కొందురు. నేటి బెల్టులలో త్రాళ్లు అరామిడ్ నారవి. ఈ జాతికి చెందిన కెవ్లారునకు 1965లో స్టెఫనీ క్వోలెక్ పరిశోధన దారి తీసినది. నార యెంత గట్టిదైనను జారుడును ఆపలేదు. తెగుట వేరు, జారుట వేరు.

మందు క్లచ్ బరువులలోను, స్ప్రింగులలోను ఉన్నది. అపకేంద్ర బలము బరువునకును, వేగపు వర్గమునకును అనుపాతముగా నుండును. బరువును సగము చేసినచో అదే బలము రావలెనన్న ఇంజను సుమారు 1.41 రెట్లు వేగముగ తిరుగవలెను. కనుక తేలిక బరువులు వేసినచో ఇంజను సత్తువ పుంజుకొనువరకు బెల్టు ఎగబ్రాకక ఆగును. బరువులను హెచ్చించిన బలము హెచ్చునని తలచువారు సరిగ్గా తలక్రిందుల పని చేయుచున్నారు. వెనుక కప్పీకి గట్టి స్ప్రింగు వేసినచో బెల్టుపై పట్టు పెరుగును. అది అతిగా గట్టిదైనను చిక్కే. బెల్టు నలిగి, నిష్కారణముగా వేడెక్కును.

ఇదంతయు చూచుటకు ఏ.టి.వి.యే అక్కరలేదు. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా మొదలు, 2001లో వచ్చిన యాక్టివా వరకు, మన ఊళ్లలో తిరిగిన గేరులేని స్కూటర్లలో ఉన్నదీ ఇదే యంత్రము. మరమ్మతు దుకాణమున ఎడమవైపు మూత తీసి, ముందు కప్పీని విప్పినపుడు, యాక్టివాలో ఆరు చిన్న రోలర్లు కనబడును. అవియే విసరబడు బరువులు. పాత బండిలోని రోలరును చేతిలోనికి తీసికొని వ్రేలితో తడిమినచో ఒకవైపు చదునుగా అరిగియుండుట తెలియును. అట్టి రోలరు వాలుపై సాఫీగా దొరలదు. పళ్లెములు పూర్తిగా దగ్గరకు రావు. బెల్టు అంచువరకు ఎక్కలేదు. ఇంజను ఎంత అరచినను బండి పూర్వపు వేగము నందుకొనదు.