కెమెరా వెనుక కవిలె

కృష్ణా జిల్లా మెరక ప్రాంతంలో, రెడ్డిగూడెం మామిడి తోటల మొదలు నందిగామ, జగ్గయ్యపేట బజారుల దాకా, ఏ కార్యాలయం గడప తొక్కినా ఈనాడు తలపైన ఒక నిఘా కెమెరా కనిపిస్తుంది. (2022 ఏప్రిల్ నుండి ఈ ఊళ్ళన్నీ ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి, మనసులో మాత్రం ఇంకా కృష్ణా జిల్లావే.) కొనేవారు అడిగే ప్రశ్నలు మూడు: ఎన్ని మెగాపిక్సెళ్ళు? చీకట్లో కనిపిస్తుందా? ఫోనులో చూడవచ్చా? మూడూ కంటికి సంబంధించినవే. ఆ కెమెరాల తీగలన్నీ వెళ్ళి చేరే పెట్టె గురించి అడిగేవారు అరుదు. చూసినదాన్ని దాచిపెట్టేది ఆ పెట్టెయే. కెమెరా కన్ను అయితే రికార్డరు కవిలె. కార్యాలయానికి ఏ రికార్డరు నమ్మదగినది అనే ప్రశ్నకు సమాధానం ధరల పట్టికలో కన్నా చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుందని నా నమ్మకం. ఆ చరిత్రను స్థూలంగా చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

కవిలె అన్న మాట ఊరకే వాడలేదు. జరిగినదాన్ని కాలంతో సహా నమోదు చేసే అలవాటు ఈ నేలకు కొత్తది కాదు. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం వద్ద దొరికిన ఆయక స్తంభ శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం నాటిది. సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఐదు స్తంభాలు నిలిపినట్లు అందులో ఉంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేశారు? సాక్ష్యానికి కావలసిన నాలుగు అంగాలూ ఆ రాతి మీద ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ళు ఎండకూ వానకూ ఆగిన సాక్ష్యమది.

రాయి తరువాత కాగితం. గ్రామ లెక్కలన్నీ కరణం చేతిలో ఉండేవి. చాలా చోట్ల కరణం ఇంట్లోనే ఉండేవి. దస్త్రం ఎవరి ఇంట్లో ఉంటే అధికారం వారిదే. పొలం తనదో కాదో తెలుసుకోవడానికి రైతు కరణంగారి అరుగు మీద కూర్చుని ఎదురుచూడవలసి వచ్చేది. 1984లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేయడం వెనుక ఈ బాధ కూడా ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. రికార్డరు దగ్గర మళ్ళీ పనికివస్తుంది.

ఇక విద్యుత్ కన్ను సంగతి. నిఘా కెమెరా తొలి వాడుకగా చరిత్రకారులు చెప్పేది 1942లో జర్మనీలోని పీనెముండెలో వీ-2 రాకెట్ల ప్రయోగాన్ని దూరం నుండి చూడడానికి అమర్చిన ఏర్పాటు. అది చూపేదే గాని దాచేది కాదు. తెర ముందు మనిషి కూర్చున్నంతసేపే దానికి విలువ. అతడు కునుకు తీస్తే అంతే సంగతులు. దృశ్యాన్ని అయస్కాంతపు టేపు మీద దాచే యంత్రాన్ని ఆంపెక్స్ సంస్థ 1956 ఏప్రిల్‌లో షికాగోలో ప్రదర్శించింది. దాని ధర 50,000 డాలర్లు. టెలివిజన్ కేంద్రాలు తప్ప మరెవరూ కొనలేని వస్తువు. 1976లో జేవీసీ సంస్థ వీహెచ్ఎస్ క్యాసెట్టును తెచ్చిన తరువాతనే రికార్డింగు సామాన్యుల చేతికి అందింది. మన దేశంలో 1982 ఢిల్లీ ఆసియా క్రీడల రోజులలో రంగుల టీవీతో పాటు వీసీఆర్లూ ప్రవేశించాయి. ఇక్కడి పల్లెల్లో వాటిని అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు చూసేవారు. అదే యంత్రం కొద్ది మార్పులతో బ్యాంకులలో కావలి ఉద్యోగంలో చేరింది.

ఆ ఉద్యోగంలో ఒక చిక్కు ఉండేది. క్యాసెట్టు నిడివి 3 గంటలు, రోజుకు 24 గంటలు. కావున ఒక టేపును రోజంతా సాగదీయడానికి టైం-లాప్స్ వీసీఆర్ అనే రకం తయారయింది. లెక్క చూడండి. మన పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. 3 గంటల టేపును 24 గంటలకు సాగదీస్తే ఎనిమిదో వంతు, అనగా సెకనుకు సుమారు 3 బొమ్మలు మిగులుతాయి. ఎనిమిది కెమెరాలను ఒకే టేపుకు వంతులవారీగా పంచితే, ఒక్కొక్క కెమెరాకు రెండున్నర సెకన్లు దాటాక గాని మళ్ళీ వంతు రాదు. గల్లాపెట్టెలో చేయి పెట్టి తీయడానికి అంతకంటె తక్కువ సమయం చాలు. పైగా ఒకే టేపును తిరిగి తిరిగి వాడితే బొమ్మ మసకబారేది. నెలకు 31 టేపులు పెట్టుకుని, తేదీ చీటీ అంటించి, రోజూ మార్చడం పద్ధతి. ఆ మార్చే మనిషి సెలవు పెట్టిన రోజున కార్యాలయానికి జ్ఞాపకం ఉండదు.

1990 దశకం చివర టేపు స్థానంలోకి హార్డ్ డిస్కు వచ్చింది. డీవీఆర్ అన్న పేరు అప్పటిది. 2003లో హెచ్.264, 2013లో హెచ్.265 అనే కుదింపు ప్రమాణాలు వచ్చి అదే డిస్కులో మరిన్ని రోజులు ఇమడసాగాయి. కెమెరాయే దృశ్యాన్ని అంకెలుగా మార్చి నెట్‌వర్కు తీగ మీద పంపితే దాచే పెట్టె ఎన్‌వీఆర్. ఒక కంపెనీ కెమెరా మరో కంపెనీ పెట్టెతో మాట్లాడడానికి ఆక్సిస్, బాష్, సోనీ సంస్థలు 2008లో ఆన్‌విఫ్ అనే వేదికను ఏర్పరచాయి.

టేపు మార్చే మనిషి అవసరం పోయింది. మరొక ప్రమాదం వచ్చింది. డిస్కు నిండగానే యంత్రం ఎవరినీ అడగకుండా పాతది చెరిపి కొత్తది రాస్తుంది. రెండు మెగాపిక్సెళ్ళ కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్లు అనుకుంటే రోజుకు 21.6 గిగాబైట్లు. ఎనిమిది కెమెరాలకు రోజుకు దాదాపు 173. ఆ లెక్కన 1 టెరాబైటు డిస్కు ఆరు రోజులు కూడా రాదు. కార్యాలయాలలో సొమ్ము పోయిన సంగతి బయటపడేది నెలాఖరు లెక్కలలో! అప్పటికి ఆ దృశ్యం మీద నాలుగైదుసార్లు కొత్త దృశ్యాలు పరచుకుని ఉంటాయి. ముప్పై రోజులు నిలవాలంటే 5,184 గిగాబైట్లు, అనగా 6 టెరాబైట్ల డిస్కు కావాలి.

ముప్పై అన్న సంఖ్య నేను కల్పించినది కాదు. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగిన ఏడాదిలోనే ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. వందమందికి పైగా జనం వచ్చిపోయే చోట్ల కెమెరాలు ఉండాలని, రికార్డింగును 30 రోజులు భద్రపరచాలని అది చెప్పింది. 2020 డిసెంబరు 2న పోలీసు స్టేషన్ల విషయంలో సుప్రీం కోర్టు ఇంకా ముందుకు వెళ్ళి, 18 నెలలు దాచగల పరికరాలు కావాలని, అవి దొరకనప్పుడు కూడా ఏడాదికి తగ్గరాదని ఆదేశించింది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ పెట్టె మీద మనుషుల బ్రతుకులు ఆధారపడి ఉంటాయి. 2010 ఫిబ్రవరిలో వారణాసిలోని ఒక హోటలులో ఒక ఇటలీ యాత్రికుడు మరణించాడు. వెంట వచ్చిన ఇద్దరు మిత్రులపై హత్యానేరం మోపి యావజ్జీవ శిక్ష వేశారు. హోటలులో కెమెరాలు ఉన్నాయి. గదిలోకి ఎవరు వెళ్ళారో, ఎవరు రాలేదో అవి చెప్పగలవు. అయినా ఆ రికార్డింగు న్యాయస్థానం ముందుకు రానేలేదు. అంత ముఖ్యమైన సాక్ష్యాన్ని సమర్పించకపోవడం ప్రాసిక్యూషన్ వాదనను దెబ్బతీస్తుందని చెప్పి, సుప్రీం కోర్టు 2015 జనవరి 20న వారిని నిర్దోషులుగా విడుదల చేసింది. అప్పటికి దాదాపు ఐదేళ్ళు గడిచిపోయాయి.

మరొక కేసు సరిగ్గా కార్యాలయానికి సంబంధించినదే. 2014లో మహారాష్ట్రలోని జాల్నా ఎన్నికలో నామినేషను మధ్యాహ్నం 3 గంటల గడువు లోపల పడిందా, తరువాత పడిందా అన్న వివాదంలో రిటర్నింగ్ అధికారి కార్యాలయపు వీడియో దృశ్యాలు కీలకమయ్యాయి. ఆ దృశ్యాలకు ధ్రువపత్రం ఇమ్మని ఎన్నిసార్లు అడిగినా అధికారులు ఇవ్వలేదు. 2020 జూలై 14న తీర్పు చెబుతూ సుప్రీం కోర్టు, నకలు సమర్పించేవారికి చట్టంలోని 65బీ ధ్రువపత్రం తప్పనిసరి అని స్థిరపరచింది. అడిగినా ఇవ్వని అధికారుల తప్పుకు అడిగినవారిని బలిచేయరాదనీ చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇది 63వ సెక్షన్ అయింది. దృశ్యం మారలేదని చూపే హాష్ విలువను కూడా ఇప్పుడు పేర్కొనాలి. అనగా రికార్డరులోని గడియారం తప్పయితే, దాన్ని చూసుకునే బాధ్యుడెవరో తేలకపోతే, బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా దాని మాట చెల్లడం కష్టం.

ఇక ఇక్కడి ముప్పులు. మైలవరం వైపు కొండలలో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు మొదటి రోజులలో విజయవాడను ముంచింది. సింగ్‌నగర్ వైపు ఇళ్ళలో, దుకాణాలలో నీరు రోజుల తరబడి నిలిచింది. అదే సంవత్సరం జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. నీటికీ నిప్పుకీ కాగితమైనా ఒకటే, డిస్కయినా ఒకటే. రికార్డరును గల్లా బల్ల కింద పెడితే వరదకూ దొంగకూ అదే ముందు దొరుకుతుంది. ఎత్తున, తాళం వేసిన, గాలి ఆడే బీరువాలో, దస్త్రాల గది కాని మరో గదిలో ఉంచాలి. ముఖ్యమైన ఒకటి రెండు కెమెరాల దృశ్యాలైనా మరోచోట నకలు పడాలి. కరెంటు పోయి వచ్చే ఊళ్ళలో యూపీఎస్ లేని డిస్కుకు ఆయుష్షు తక్కువ.

ఇప్పుడు కరణంగారి సంగతికి వద్దాం. చాలా కార్యాలయాలలో రికార్డరు పాస్‌వర్డు బిగించి వెళ్ళిన కుర్రవానికి తప్ప మరెవరికీ తెలియదు. లేదా ఫ్యాక్టరీ నుండి వచ్చినదే మారకుండా ఉంటుంది. మొదటిది కవిలె కరణం ఇంట్లో ఉండడమే. రెండవది దాన్ని నడివీధిలో పెట్టడం. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము సరిగ్గా అలాంటి మార్చని పాస్‌వర్డులున్న కెమెరాలను, డీవీఆర్లను లక్షల సంఖ్యలో వశపరచుకుని, అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే నిలిపివేసింది. పాస్‌వర్డు మార్చి, ఇద్దరు బాధ్యులకు తెలిపి, ఒక ప్రతిని ముద్ర వేసిన కవరులో దాచడం ఖర్చు లేని పని.

ఎంపిక విషయానికి వస్తే నా వరుస ఇది. ముందు ఎన్ని రోజుల జ్ఞాపకం కావాలో తేల్చుకుని, దానికి తగిన డిస్కు లెక్క వేయాలి. రోజంతా రాసేందుకు తయారు చేసిన నిఘా డిస్కే కొనాలి, కంప్యూటరులో మిగిలిన పాతది కాదు. వీలుంటే రెండు డిస్కులు పట్టి, ఒకదాని ప్రతి మరొకదానిలో ఉంచే పెట్టె మేలు. గోడలలో పాత కోయాక్సియల్ తీగ బాగుంటే దాన్ని పీకనక్కరలేదు, డీవీఆర్ చాలు. కొత్తగా తీగ లాగేవారికి ఎన్‌వీఆర్, ఆన్‌విఫ్ ఉన్నది, మంచిది. గడియారం ఇంటర్నెట్టు నుండి తనంతట సరిదిద్దుకోవాలి. డిస్కు చెడితే, కెమెరా ఆగితే పెట్టె కూతపెట్టి చెప్పాలి. చెడితే బాగుచేసే మనిషి విజయవాడలోనైనా ఉండాలి. మెగాపిక్సెళ్ళ మాట వీటన్నిటి తరువాత.

కొన్న తరువాత నెలకొకసారి ఒక పరీక్ష చేయండి. ఇరవై ఐదు రోజుల క్రితం నాటి ఏదో ఒక పావుగంట దృశ్యాన్ని వెదికి, పెన్‌డ్రైవులోకి తీసి, మరో కంప్యూటరులో ఆడించి, అందులోని సమయాన్ని ఆ రోజు హాజరు పట్టీతో సరిచూడండి. పది నిమిషాల పని. గల్లా లెక్క తప్పిన రోజున అందరూ ముందుగా అనుమానించేది చిరుద్యోగినే. ఆ గదిలోకి అతను అడుగే పెట్టలేదని అతని తరఫున చెప్పగలిగినది చాలాసార్లు ఈ పెట్టె ఒక్కటే.